జనరల్ ఎల్ ఎడ్రూస్

మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎడ్రూస్ అనగానే మన సికింద్రాబాద్ పెద్దలకు 1948 సెప్టెంబరే గుర్తుకొస్తుంది. 17న కాల్పులు ఆగాయి, భారత సైన్యం సికింద్రాబాద్, బొల్లారం వైపు వచ్చింది. 18న ఆయన జనరల్ చౌదరికి లొంగిపోయారు. అంతకు ముప్ఫై ఏండ్ల ముందటి సంగతి మేము చెప్పదలచాము.

1899లో జన్మించిన ఆయన చిన్న వయసులోనే నిజాం లాన్సర్ల దళంతో పాలస్తీనా రంగానికి వెళ్లారు. (మన ఫస్ట్ లాన్సర్ బస్తీ పేరు ఆ దళానిదే.) ఆ రిసాలా 1914లోనే ఈజిప్టు చేరింది. సూయజ్ కాలువ ఒడ్డున మకాం, కవాతు, గస్తీ. అక్కడినుంచి సినాయి ఇసుక. నీళ్లకే పెద్ద చిక్కు. కంతారా నుంచి గొట్టాలు వేశారు, అవి అందని చోటికి ఒంటెలే మోసేవి. రౌతు తన దప్పికతో పాటు గుర్రం దప్పికా చూసుకోవాలి.

దప్పికను మించిన బరువు మరొకటుంది. ఎదుట నిలిచినవాడు ఖలీఫా సిపాయి. ఇటూ నమాజే, అటూ నమాజే. ముస్లిములు బ్రిటిషువారి పక్షాన నిలవాలని నిజాం ప్రభువు 1914లోనే ప్రకటించారు. హుకుం సరే, మనసు సంగతో?

1948లో గెలవలేని పోరును పొడిగించి సిపాయిలను బలిపెట్టకపోవడం తప్పని మేము అనుకోము. 1962లో ఆయన కన్నుమూశారు. ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సరుది.