ఏనుగుల వీరాస్వామయ్యగారు: స్వయంవిద్యకు నిదర్శనము

ఈ వార్షిక సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము మహారాజులను, మహాకవులను విడిచి, ఒక న్యాయస్థానోద్యోగి చరిత్రమును ఎన్నుకొంటిమి. అందులకు గల కారణమును తుదను విన్నవించుకొందుము.

మన పూర్వులు విద్యను నాలుగు పాళ్లుగా విభజించిరి. ఒక పాలు గురువువలనను, ఒక పాలు తన బుద్ధిబలమువలనను, ఒక పాలు తోడివారివలనను, కడపటి పాలు కాలపరిపాకమువలనను లభించునని వారి మతము. ఈ లెక్కను బట్టి గురుముఖమున దొరకునది పాతిక మాత్రమే. ఆ పాతిక సరిగా దొరకనివాడు మిగిలిన ముప్పాతికను ఎట్లు సంపాదించుకొనునో తెలిసికొనుటకు వీరాస్వామయ్యగారి జీవితము చక్కని నిదర్శనము.

ఆయన 1780 ప్రాంతమున చెన్నపట్టణమున నొక తెలుగు బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. ఆనాటికి చెన్నపట్టణమున మన బాలురకు పట్టము నొసగు కళాశాల యొక్కటియు లేదు. 1812 లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ముఖ్యముగా సీమనుండి వచ్చిన కంపెనీ యుద్యోగులకు దేశభాషలు నేర్పుటకు పుట్టినది. మద్రాసు విశ్వవిద్యాలయము 1857 నాటిది. మన హైదరాబాదులోని ఉస్మానియా 1918 నాటిది. కావున వీరాస్వామయ్యగారు కళాశాలకు పోలేదనుటకంటె, పోవుటకు కళాశాలయే లేకుండెననుట సత్యము. అట్టి కాలమున తండ్రిలేని బాలుడు పండ్రెండేండ్లు నిండునప్పటికి ఇంగ్లీషును ధారాళముగా చదువ నేర్చెను.

ఆ పండ్రెండవ యేటనే ఆయన బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కచేరీలో జీతము లేని కొలువున చేరెను. ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. జీతము లేని పనిని లోకము వెట్టి యనును. ఆ బాలునికి మాత్రము అది పాఠశాల యయ్యెను. దొరల వ్రాతలు, వర్తకపు లెక్కలు, నిత్యవ్యవహారపు ఇంగ్లీషు, వీనిని నేర్పు గురువు వేఱొకచోట దొరకని దినములవి. పిమ్మట తిరునల్వేలి సీమలో కొలువు చేసి, మరల చెన్నపట్టణము చేరి, లెక్కల పనిలోను ఆఱితేఱెను. ఒక్కొక్క పనియు ఒక్కొక్క తరగతియై ఆయనను పైకి తెచ్చినది.

1801 లో చెన్నపట్టణమున సుప్రీంకోర్టు వెలసెను. అందలి న్యాయాధిపతులు ఇంగ్లీషువారు. వాదిప్రతివాదులును సాక్షులును పెక్కుమంది తెలుగువారు, తమిళులు. ఈ యిరువురకు నడుమ నిలిచి ఒకరి మాటను మఱియొకరికి అందించువాడు ఇంటర్‌ప్రిటరు. మనవారు దుబాసి యనెడివారు. ఈ పని చూపునకు సులభము, చేతకు కఠినము. సాక్షి తన పల్లెమాటలో చెప్పినది ఒక్క యర్థభేదముతో మాఱినను, నిరపరాధి శిక్ష పొందవచ్చును, ఒకని భూమి మఱియొకనికి పోవచ్చును. భాష యొక్కటి తెలిసిన చాలదు. కులాచారములు, దాయభాగముల పద్ధతి, కొలతలు, నాణెములు, ఒట్టు పెట్టుకొను తీరు, ఇవన్నియు తెలియవలెను. వీనిని లోకమునుండియే నేర్చిన వీరాస్వామయ్యగారు ఆ న్యాయస్థానమున హెడ్ ఇంటర్‌ప్రిటరు పదవి నధిష్ఠించెను. పట్టము నడిగిన చోటు కాదది. పనితనము నడిగిన చోటు.

ఇంతటితో ఆగియుండినచో ఆయన పేరు నేడు మనకు తెలియదు. దాదాపు ఏబది యేండ్ల ప్రాయమున సెలవు పుచ్చుకొని, 1830 మే 18 వ తేదీన కాశీయాత్రకు బయలుదేఱెను. వెంట పరివారముతో గూడి నూఱుమంది వఱకు జనము. రైలులేదు, తారురోడ్డు లేదు. పల్లకీలు, గుడారములు, బోయీలే సాధనములు. కడప సీమ, అహోబిలము, శ్రీశైలము దాటి హైదరాబాదు చేరి, అచ్చటినుండి నిర్మల మీదుగా నాగపురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా చూచుకొని, పూరీ జగన్నాథముమీదుగా సముద్రతీరపు బాటను 1831 సెప్టెంబరు 3 వ తేదీన ఇల్లు చేరెను.

హైదరాబాదునుండి నిర్మలకు పోవు నాటి నాగపురపు బాట ఆర్మూరు తావున మన జిల్లాను స్పృశించి గోదావరిని దాటును. మన కమ్మర్‌పల్లినుండి మోర్తాడుమీదుగా ఆర్మూరు పోవు మనము ఆ బాటనే కలిసికొనుచున్నాము. ఈ చరిత్రము పరాయిది కాదనుటకు ఇది యొక నిదర్శనము.

ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెగారు దారిలోని విశేషములను వ్రాసి తెలుపుమని కోరియుండెను. ఆ కోరికను వీరాస్వామయ్యగారు వ్రతమువలె పాటించి, మజిలీ మజిలీకి ఊరి పేరు, బాట తీరు, నీటి వసతి, దొరకు సరుకులు, ప్రజల నడవడి వ్రాసికొనుచు పోయెను. పూర్వులు చెప్పిన తోడివారి పాలు ఇదియే. అడుగువాడుండుటచేత చూచువానికి చూపు పెరిగినది. ఆ వ్రాత వ్యాకరణము చదివిన మావంటివారికి మొదట కంటకముగా తోచును. అది వాడుకమాట, నడుమ ఉర్దూ, ఇంగ్లీషు పదములు. నాలుగు పుటలు చదువునప్పటికి ఆ దోషబుద్ధి తొలగి, కన్నది కన్నట్లు చెప్పిన సత్యమే మిగులును.

ఆయన 1836 లో పరమపదించెను. శ్రీనివాసపిళ్లెగారు 1838 లో ఆ వ్రాతను కాశీయాత్రచరిత్ర మను పేర అచ్చువేయించెను. తెలుగున యాత్రాచరిత్రములకు అదియే ఆదియని పెద్దలు చెప్పుదురు. 1941 లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించిరి. 1973 లో ఇంగ్లీషు అనువాదమును వెలువడెను. చరిత్రకారులు నేటికిని నాటి దేశస్థితికి ఆ గ్రంథమును సాక్షిగా చేకొనుచున్నారు. నాలుగవదైన కాలపు పాలు ఆయన గతించిన పిదప గూడ ఫలించుచున్నదన్నమాట.

ఇక మా కారణము. మేము ముప్పదేండ్లకు పైబడి ఉపాధ్యాయవృత్తి చేసితిమి. పదవ తరగతి పరీక్ష రెండుమాఱులు తప్పిన యొక బాలునితో, చదువు నీకు రాదు, వేఱు దారి చూచుకొమ్మని పదిమందిలో అంటిమి. అతడు మన సీమలోని అనేకులవలె గల్ఫు దేశమునకు పోయెను. ఏండ్లకు తిరిగివచ్చి, మా యింటికి వచ్చి, పాదములంటి, ఒక నోటుపుస్తకము చూపెను. అందు అరబ్బీ మాటలు తెలుగు లిపిలోను, ఎదురుగా వాని యర్థములును, విద్యుత్తు పనికి వలయు పటములును వ్రాయబడియున్నవి. ప్రతిరాత్రియు వ్రాసికొంటినని చెప్పెను. దానిలో ఒక్క పుట మేము నేర్పినది కాదు. మేము సిగ్గుతో తల వంచుకొంటిమి. గురువుయొక్క పాతికను ఇయ్యలేకపోయిన మేము, మిగిలిన ముప్పాతికయు లేదని తీర్పు చెప్పితిమి!

దీనిచే కళాశాల వలదని మా యభిప్రాయము కాదు. 2006 లో డిచ్‌పల్లిలో విశ్వవిద్యాలయము వెలసినది. దానిని అందుకొనగల వారందఱు అందుకొనవలెను. వీరాస్వామయ్యగారి మిత్రుడైన శ్రీనివాసపిళ్లెగారే 1842 లో చెన్నపట్టణపు పచ్చయప్ప ధర్మమునకు ధర్మకర్తలలో నొకరై బాలుర చదువునకు పాటుపడిరి. తోడు లేక నేర్చుకొనుటలోని కష్టము తన స్నేహితునియందు చూచినవారు గదా! కాని 2015 లో బోధను చక్కెర కర్మాగారము మూతపడినప్పుడు, చేతిలో పనియుండి కాగితము లేని వారు ఎట్లు దిక్కుతోచక నిలిచిరో మన మెఱుగుదుము.

కావున పోషకులకు మా మనవి యొక్కటి. ఉత్తీర్ణులైన బాలురకు మనము బహుమానము లిచ్చుచున్నాము. అది యుక్తమే. దానితోబాటు, బడి విడిచిన బాలుడు సాయంకాలమున వచ్చి కూర్చుండి చదువుకొనుటకు నాలుగు నిఘంటువులు, కొన్ని వృత్తివిద్యా గ్రంథములు, ఒక దీపము గల గదిని ఊరూరను ఏర్పఱుపుడు. ఎవరైన నొక పెద్ద వారానికొకమాఱు పోయి, ఏమి నేర్చుకొంటివని వానిని అడుగుడు. శ్రీనివాసపిళ్లెగారు మొదట చేసినది ఆ యడుగుటయే.