గిడుగు మాస్టారు భాష ఎలా నేర్చుకున్నారు?

రావికమతంలో బస్సెక్కితే బీఎన్ రోడ్డు మీదుగా చోడవరం చేరతాం. కోచింగ్ కోసమో, సర్టిఫికెట్ల పని మీదో మనలో చాలామంది తిరిగే దారే అది. 1875లో ఆ చోడవరానికి బదిలీ మీద వచ్చిన ఒక రెవెన్యూ ఉద్యోగి విషజ్వరంతో అక్కడే చనిపోయారు. ఆయన పేరు గిడుగు వీర్రాజు. ఆయన కొడుక్కి అప్పటికి పన్నెండేళ్లు.

ఆ కుర్రాడే గిడుగు వెంకట రామమూర్తి. మనకి ఆయన ఒక మార్కు బిట్టుగానే తెలుసు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు ఎవరు అంటే టిక్కు పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుగుతుందని ఇంకో బిట్టు. ఈ రెండు బిట్ల వెనకాల, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, ఉద్యోగం చేస్తూ చదువుకుని, పుస్తకమే లేని భాషని నేర్చుకున్న ఒక స్కూలు మాస్టారు ఉన్నారు. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి ఫీజు కట్టి కూడా ఇంటర్వ్యూలో నోరు పెగలడం లేదని బాధపడేవాళ్లకి ఆ మాస్టారు బాగా పనికొస్తారు.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి పోయాక విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లిష్ హైస్కూల్లో చేరారు. అక్కడ ఆయనతో చదువుకున్నది గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. పై చదువుకి ఆగే పరిస్థితి లేదు. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకి ముప్పై రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే మాస్టారుగా కుదిరారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు దాటలేదు, అంటే మన ఇంటర్ ఫస్టియర్ వయసు.

ఉద్యోగం వచ్చింది కదా అని పుస్తకాలు అటకెక్కించలేదు. ప్రైవేటుగా కట్టి 1886లో ఎఫ్.ఏ. పాసయ్యారు, ఆ తర్వాత బి.ఏ. పరీక్షలూ రాశారు. మధ్యలో చరిత్ర మాస్టారికి ఒక అనుమానం వచ్చింది. ముఖలింగం గుడిలో శాసనాలున్నాయి, వాటిని చదివేదెవరు? నేర్పేవాళ్లు దొరకలేదు. పాత లిపులు తనకు తానే నేర్చుకుని, ఆ శాసనాలు చదివి, వాటి మీద ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాశారు. ఇప్పుడు ఎవరైనా యూట్యూబ్ చూసి పైథాన్ నేర్చుకుంటే రెజ్యూమేలో గర్వంగా రాసుకుంటాం. ఆయనకి యూట్యూబ్ కాదు కదా, సరైన లైబ్రరీ కూడా దగ్గర్లో లేదు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. సంతకి దిగి వచ్చేవాళ్లతో కింది వాళ్లు సైగలతో, వచ్చీరాని మాటలతో బేరాలు చేసేవారు. వాళ్ల భాషకి తెలుగుతో చుట్టరికం లేదు. అది ముండా కుటుంబానికి చెందినది. అప్పట్లో దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. రామమూర్తి దాన్ని నేర్చుకోవాలనుకున్నారు.

తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతనితో మాట్లాడుతూ నేర్చుకున్నారు. మాటలు రాసుకున్నారు, కొండలెక్కి ఊళ్లలో ఎలా వాడుతున్నారో విన్నారు, దిద్దుకున్నారు, మళ్లీ విన్నారు. ఇది ఒకటి రెండేళ్ల పని కాదు, ముప్పై ఏళ్లకి పైగా సాగింది. సవరలో వాచకాలు, కథలు, పాటలు తెలుగు లిపిలో సిద్ధం చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం ఆ పుస్తకాలకి పారితోషికం ఇస్తామంటే, తనకి వద్దని, ఆ సొమ్ముతో సవరలకి బడి పెట్టమని కోరారు. చివరికి 1931లో సవర భాషకి ఇంగ్లిష్‌లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. కొండల్లో మలేరియా పట్టుకుంటే మింగిన క్వినైన్ ఆయన చెవుల్ని దెబ్బతీసింది. వినికిడి మీదే ఆధారపడి భాష నేర్చుకున్న మనిషికి చెవుడు వచ్చింది. ఆ తర్వాత కూడా పని ఆగలేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. మనం రోజూ వాడుతూ కూడా పట్టించుకోని ఒక ముక్క ఉంది. ‘పాప చేతులు కడిగాను’, ‘నా చేతులు కడుక్కున్నాను’. రెండో దాంట్లో పని చేసింది నేనే, దాని ఫలితం చేరిందీ నాకే. ఆ సంగతి చెప్పేది క్రియ తోకలో ఉన్న ‘కొను’. నేర్పడం ఇంకొకరి కోసం, నేర్చుకోవడం మన కోసం. ఈ ‘కొను’కి అసలు అర్థం తీసుకోవడం. బజార్లో ‘కొనడం’ కూడా ఇదే మాట. అందుకే ‘చొక్కా కొనుక్కున్నాను’ అన్నప్పుడు ఒకే మాటలో అది రెండుసార్లు వస్తుంది. మనకి వింతగా కూడా అనిపించదు.

ఈ ముక్కకి రెండు ముఖాలున్నాయి. పుస్తకంలో అది ‘చేసికొనెను’, ‘పట్టుకొని రమ్ము’. నోట్లో అది ‘చేసుకున్నాడు’, ‘పట్టుకురా’. మన వైపు పల్లెల్లో అయితే ‘అట్టుకురా’. రామమూర్తి కాలంలో బడిలో పిల్లాడు పుస్తకం రూపమే రాయాలి. ఇంట్లో అమ్మ నోట విన్న రూపం రాస్తే తప్పు కింద లెక్క. అంటే తెలుగు పిల్లాడికి తెలుగే పరాయి భాషలా నేర్పేవారన్నమాట. ఆ పరీక్ష పాసైతేనే ఉద్యోగం కాబట్టి, ఇది పండితుల మధ్య సరదా చర్చ కాదు.

ఈ తేడా మీద గట్టి ప్రశ్న వేసింది ఒక ఇంగ్లిష్ దొర కావడం విశేషం. జె.ఏ. యేట్స్ అనే అధికారి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉత్తర కోస్తాకి వచ్చారు. పుస్తకాల్లో తెలుగు ఒకలా, జనం మాట్లాడేది ఇంకోలా ఎందుకుందని విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగారు. అయ్యంగార్ ఇద్దరి పేర్లు చెప్పారు. ఒకరు గురజాడ, రెండోవారు గిడుగు. 1907 నాటి సంగతి ఇది. అప్పటికే సవరని జనం నోటి నుంచి నేర్చుకున్న మాస్టారికి, తెలుగు విషయంలోనూ అదే న్యాయం అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

1911లో ముప్పై ఏళ్ల సర్వీసు ముగించి ఉద్యోగం వదిలేశారు. అసలు పని అప్పుడే మొదలైంది. స్కూలు ఫైనల్లో తెలుగు వ్యాసాన్ని పాత పద్ధతిలో అయినా, వాడుక భాషలో అయినా రాయొచ్చని ఉత్తర్వు వచ్చింది. జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెద్దలు గట్టిగా అడ్డం తిరిగారు. ఆ వెసులుబాటు కొద్దికాలంలోనే పోయింది.

రామమూర్తి వాదించిన తీరు నాకు బాగా నచ్చుతుంది. గ్రాంథికం మీద కోపంతో కేకలు వేయలేదు. దాన్ని పండితులకంటే బాగా చదివి, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టేవాళ్ల పుస్తకాల్లోంచి గ్రాంథిక వ్యాకరణం ప్రకారం తప్పులైన రూపాలు ఏరి చూపించారు. ఒక రకంగా అది కోడ్ రివ్యూ. మీరు పెట్టిన రూల్‌ని మీ కోడే పాటించడం లేదు, ఇదిగో ఈ లైన్ చూడండి అన్నట్టు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’, ‘బాలకవి శరణ్యం’ లాంటి పుస్తకాలు ఆ పోరులోంచే వచ్చాయి. ఊరూరా సభల్లో గంటల తరబడి మాట్లాడేవారు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెడితే, రామమూర్తి దానికి కార్యదర్శి. అదే ఏడాది ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. అది ఏడాది నడిచి ఆగిపోయింది.

ఆయన కాలంలోనే, యూరప్‌లో, డెన్మార్క్ దేశస్థుడు ఒకాయన ఇలాంటి మాటే చెబుతున్నారు. ఆటో యెస్పర్సన్. రామమూర్తికంటే మూడేళ్లు పెద్ద. కోపెన్‌హాగెన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్. పరాయి భాషని విడివిడి రూల్సుగా కాకుండా, సందర్భం ఉన్న మాటలుగా నేర్పాలని 1901లో డేనిష్‌లో పుస్తకం రాశారు. 1904లో అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంగ్లిష్ మాతృభాష కాని ఆ మనిషి రాసిన ఇంగ్లిష్ వ్యాకరణాన్ని ఇంగ్లిష్ వాళ్లే చదువుకున్నారు. ఇంగ్లిష్ మనది కాదని కుంగిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవచ్చు.

డేనిష్ గురించి ఇంకో ముచ్చట. మన ‘కొను’ లాంటి ముక్క వాళ్లకీ ఉంది. క్రియ తర్వాత ‘సై’ అనే చిన్న మాట వస్తుంది. నేను అయితే అది ‘మై’, నువ్వు అయితే ‘డై’ అవుతుంది. మనకి మాత్రం అందరికీ ఒకటే ‘కొను’. పెళ్లి చేసుకోవడం ‘గిఫ్టె సై’, పడుకోవడం ‘లెగ్గె సై’, ఊహించుకోవడం ‘ఫోరెస్టిలె సై’. మనం ‘కొను’ పెట్టిన చోటే వాళ్లూ ‘సై’ పెట్టారు. ఇంగ్లిష్ చూడండి: మ్యారీ, లై డౌన్, ఇమాజిన్. ఏ ‘సెల్ఫ్’ కూడా లేదు. ‘ఐ వాష్డ్’ అంటే చాలు, కడుక్కున్నానని వాళ్లకి అర్థమైపోతుంది. డేనిష్ వాడు ‘యై వాస్కర్ మై’ అని తీరాలి. అలాగని డేనిష్ అన్నిట్లో మనలాగే ఉండదు. వాళ్లకి నేర్పడం, నేర్చుకోవడం రెండిటికీ ‘లేరె’ ఒకటే మాట. ఇక్కడ మన ‘కొను’ వాళ్లకంటే ఒక మెట్టు పైన ఉంది.

ఇంటర్వ్యూలో మన కొంప ముంచేది సరిగ్గా ఈ తేడాయే. పరిచయం చేసుకోమంటారు. ఆ ‘చేసుకో’ మన చెవిలో మోగుతూ ఉంటుంది, నోటి నుంచి ‘మైసెల్ఫ్ రమేష్’ అని వచ్చేస్తుంది. ‘మైసెల్ఫ్’ వాక్యానికి కర్తగా నిలబడదు. ‘ఐ యామ్ రమేష్’ చాలు. ‘హెయిర్ కట్ చేయించుకున్నాను’ అనుకుని ‘ఐ కట్ మై హెయిర్’ అంటే, కత్తెర మీరే పట్టారని అవతలివాళ్లు అనుకోవచ్చు. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. ‘వాళ్లు కొట్టుకున్నారు’లో ‘కొను’ ఒకరినొకరు అని చెబుతోంది, అక్కడ ‘దెమ్‌సెల్వ్స్’ పెడితే ఎవరిని వాళ్లే కొట్టుకున్నట్టు అవుతుంది. ‘ఈచ్ అదర్’ కావాలి. పార్టీకి వెళ్లి ‘ఐ ఎంజాయ్డ్’ అని ఊరుకుంటాం. పాత పద్ధతి ఇంగ్లిష్‌లో అక్కడ ‘మైసెల్ఫ్’ కావాలి. ఉండాల్సిన చోట వదిలేసి, లేని చోట తగిలిస్తున్నాం. దీనికి రూల్ కాయితం కంఠతా పట్టడం పెద్దగా పని చేయదు. ఏ క్రియ దేనితో వస్తుందో వాక్యం వాక్యంగా విని, రాసుకుని, నోటితో అనుకోవాలి. రామమూర్తి ఇంట్లో సవర మనిషితో కూర్చుని చేసింది అదే. మనకి ఫోన్‌లో ఆడియో ఉంది, వెనక్కి తిప్పి పదిసార్లు వినొచ్చు.

మళ్లీ మాస్టారి దగ్గరికి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లింది. యాభై ఏళ్లకి పైగా బతికిన ఊరు వదిలి, ఆయన రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి డెబ్బై మూడో ఏడు నడుస్తోంది. కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది. కానీ బళ్లలో, పత్రికల్లో ఆయన అడిగిన తెలుగు ఇంకా పూర్తిగా రాలేదు.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులతో సమావేశమయ్యారు. జనం మాట్లాడే తెలుగులో పత్రికలు నడపమని అడిగారు. అదే ఆయన చివరి విన్నపం. వారం తిరిగేసరికి, జనవరి 22న, మద్రాసులోనే కన్నుమూశారు.

పత్రికలు వెంటనే మారలేదు. మెల్లగా, ఒక్కో పేజీ, ఒక్కో శీర్షిక మారుతూ, తర్వాతి దశాబ్దాల్లో ‘చేసికొనెను’ పోయి ‘చేసుకున్నాడు’ వచ్చింది. పాఠ్యపుస్తకాలూ మారాయి. ఉద్యోగ నోటిఫికేషన్లు మాత్రం ఇంకా అక్కడక్కడా ‘దరఖాస్తు చేసుకొనవలెను’ దగ్గరే ఉన్నాయి.