రాజ్యం లేని రాజు: ముమ్మడి కృష్ణరాజ ఒడయరు

బెంగుళూరు కబ్బన్ పార్కు అంచున ఎర్రని రంగుతో శోభిల్లే అఠారా కచేరీ భవనం నగరవాసులందరికీ సుపరిచితమే. నేడు కర్ణాటక ఉన్నత న్యాయస్థానానికి నెలవైన ఆ భవనాన్ని బ్రిటిష్ కమిషనరు పాలనలో పద్దెనిమిది శాఖల కార్యాలయాల కోసం నిర్మించారు. దాని నిర్మాణం 1868లో పూర్తయింది. అదే సంవత్సరం మార్చి 27న మైసూరులో ఒక వృద్ధ ప్రభువు కన్నుమూశారు. ముప్పది ఆరేళ్లకు పైగా రాజ్యం లేని రాజుగా జీవించి, తన వంశానికి సింహాసనాన్ని నిలిపిన ఆ మహనీయుడే మూడవ కృష్ణరాజ ఒడయరు. కన్నడిగులు ఆయనను ముమ్మడి కృష్ణరాజు అని గౌరవంగా పిలుచుకుంటారు.

ఆయన 1794 జూలై 14న శ్రీరంగపట్టణంలో జన్మించారు. రెండేళ్లకే తండ్రి ఖాసా చామరాజ ఒడయరు గతించారు. అప్పటికి అధికారమంతా టిప్పు సుల్తానుది. వృద్ధ మహారాణి లక్ష్మమ్మణ్ణి మాత్రం ఆశ వీడక, వంశ ప్రతిష్ఠను పునరుద్ధరించడానికి ఆంగ్లేయులతో దశాబ్దాల తరబడి రహస్యంగా సంప్రదింపులు సాగించారు. 1799 మే 4న టిప్పు యుద్ధంలో మరణించగా, జూన్ 30న ఐదేళ్ల కృష్ణరాజును సింహాసనంపై కూర్చుండబెట్టారు. కుంఫిణీకి ఏటా 24.5 లక్షల రూపాయల కప్పం చెల్లించాలని ఒడంబడిక కుదిరింది. దివాను పూర్ణయ్య బాలరాజు పేర రాజ్యాన్ని సమర్థంగా నడిపారు.

1811 నాటికి పాలనాధికారం యువరాజు చేతికి వచ్చింది. ఆయన దయాళువు, దానశీలి. కాని పొదుపెరుగని వారు. పూర్ణయ్య కూడబెట్టిన ఖజానా క్రమంగా హరించుకుపోయింది. పన్నుల భారం రైతులపై పడింది. 1830లో నగర ప్రాంతపు ప్రజలు తిరగబడ్డారు. పూర్వపు కెళది నాయకుల వారసుడనంటూ బూది బసప్ప అనే వ్యక్తి వారికి నాయకుడయ్యాడు. ఒక కల్పిత వారసుడు రేపిన కల్లోలం అసలు రాజు అధికారానికే ముప్పు తెచ్చింది. 1831లో గవర్నర్ జనరల్ బెంటింక్ మైసూరు పాలనను స్వాధీనం చేసుకున్నారు. బెంగుళూరు కమిషనర్ల ముఖ్య స్థానమైంది. అనంతర విచారణలో రాజుపై వచ్చిన ఫిర్యాదుల్లో అతిశయోక్తి ఉన్నదని తేలినా, రాజ్యం మాత్రం తిరిగి రాలేదు.

అధికారం పోయిన నాటి నుండి ఆయన మనస్సు విద్య వైపు మళ్లింది. 1833లో మైసూరులో ఆయన స్థాపించిన ఉచిత ఆంగ్ల పాఠశాలయే కాలక్రమాన మహారాజా కళాశాలగా వికసించింది. దేవతామూర్తుల రూపలక్షణాలను చిత్రాలతో వివరించే శ్రీతత్త్వనిధి ఆయన ఆధ్వర్యంలో సిద్ధమైంది. చదరంగంలోనూ, గంజీఫా ఆటలోనూ ఆయన నిపుణులు. చిత్తూరు ప్రాంతం నుండి వచ్చిన సదాశివరావు ఆయన ఆస్థానంలో ఆదరణ పొంది, త్యాగరాజ శిష్య పరంపరను మైసూరులో పాదుకొల్పారు. ఆ విధంగా తెలుగు కీర్తన ఆ కన్నడ ఆస్థానంలో గౌరవం పొందింది.

ఇంతలో మరొక చిక్కు ఎదురైంది. ఆయనకు వారసుడైన ఔరస పుత్రుడు లేడు. 1799 నాటి దానం ఆయన ఒక్కరికే వర్తిస్తుందనీ, ఆయన తదనంతరం రాజ్యం తమదేననీ డల్హౌసీ వంటి వారు వాదించారు. ఒడంబడిక సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందన్న మాటలే రాజుకు ఆధారమయ్యాయి. 1857 తిరుగుబాటు వేళ ఆయన ఆంగ్ల ప్రభుత్వం పక్షాన నిలిచారు. అయినా రాజ్యం దక్కలేదు. ఆయన కత్తి పట్టలేదు. అర్జీ వెంట అర్జీ పంపారు. 1865 జూన్ 18న బెట్టదకోటె అరసు కుటుంబానికి చెందిన రెండేళ్ల చామరాజేంద్రుని దత్తత తీసుకున్నారు. దత్తపుత్రునికి రాజ్యాధికారం లేదని వైస్రాయి లారెన్సు నిరాకరించగా, వివాదం లండను పార్లమెంటు వరకు వెళ్లింది. మేజర్ ఇవాన్స్ బెల్ వంటి ఆంగ్లేయులే మైసూరు పక్షాన కలం పట్టారు. తుదకు 1867 ఏప్రిల్‌లో ఇండియా వ్యవహారాల మంత్రి స్టాఫర్డ్ నార్త్‌కోట్ దత్తపుత్రుని వారసత్వాన్ని అంగీకరించారు.

మరుసటి ఏటనే కృష్ణరాజు పరమపదించారు. 1868 సెప్టెంబరు 23న బాలుడు సింహాసనమెక్కాడు. 1881 మార్చి 25న, పద్దెనిమిదేళ్లు నిండిన చామరాజేంద్ర ఒడయరుకు ఆంగ్లేయులు పాలనను అప్పగించారు. ఆ ఏడే దివాను రంగాచార్లు కాలంలో ప్రజాప్రతినిధి సభ ఆరంభమైంది. ఆ శుభదినాన్ని చూసే భాగ్యం వృద్ధ రాజుకు కలుగలేదు.

ఆయన లోపం లేని పాలకుడు కాదు. దుబారా వల్ల రాజ్యాన్ని పోగొట్టుకున్నారు. ఓర్పు వల్ల దానిని తన వంశానికి తిరిగి సంపాదించి పెట్టారు. చేతిలో అధికారం లేని కాలంలో ఆయన నాటిన పాఠశాల తరతరాల విద్యార్థులకు నీడనిచ్చింది. ఒకసారి తప్పటడుగు వేసినంత మాత్రాన జీవితమంతా వ్యర్థమైనట్లు కుంగిపోరాదని పిల్లలకు చెప్పదలచిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఈ చరిత్ర కన్నా చేరువైన ఉదాహరణ అక్కరలేదు.