శంకర్ గుహా నియోగి

భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే తెలుగువారు మీ బంధువుల్లోనో, మీ ఇరుగుపొరుగునో ఉండే ఉంటారు. ఆ ఊళ్లో శంకర్ గుహా నియోగి పేరు వినని కార్మికుడు అరుదు. ఆయన జీవితాన్ని ఇప్పుడు తెలుసుకుందాం.

నియోగి 1943లో బెంగాలీ కుటుంబంలో పుట్టారు. అసలు పేరు ధీరేశ్. యువకుడిగా భిలాయి వచ్చి కోక్ ఓవెన్ విభాగంలో పనికి కుదిరారు. కార్మికులను కూడగట్టినందుకు ఆ ఉద్యోగం పోయింది. తరువాత పల్లెల్లో, గనుల్లో కూలిపని చేశారు. గని కార్మికురాలు ఆశను పెళ్లాడారు. ఎమర్జెన్సీ కాలంలో జైలులో ఉన్నారు.

భిలాయికి ఇనుప ఖనిజం వచ్చేది దల్లీ రాజహరా నుండి. అక్కడి కాంట్రాక్టు కూలీలు 1977లో సొంత సంఘం పెట్టుకొని ఆయనను నాయకుడిగా ఎన్నుకున్నారు. ఆ జూన్‌లోనే పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారి జ్ఞాపకంగా కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో ఒక ఆసుపత్రి కట్టుకున్నారు. 1983లో మొదలైన ఆ షహీద్ ఆసుపత్రి సంఘం చేసిన పనులన్నిటిలో గొప్పదని నాకనిపిస్తుంది. సారా మాన్పించడం కూడా చిన్న పనేమీ కాదు.

1990లో నియోగి భిలాయిలోని ప్రైవేటు కర్మాగారాల కార్మికుల వైపు తిరిగారు. బతకడానికి చాలినంత జీతం, పర్మనెంటు ఉద్యోగం వారి కోరికలు. అప్పుడు సంఘంలోని వారిపై దాడులు మొదలయ్యాయి.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఇంగ్లండులో కొట్టి ఒంటికి హాని చేస్తే 1861 నాటి చట్టం 47వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు శిక్ష ఉంది. మన శిక్షాస్మృతి గాయాన్ని రెండుగా విడదీసింది. మామూలు గాయానికి 323వ సెక్షన్, ఏడాది వరకు జైలు. ఎముక విరిగినా, పన్ను ఊడినా అది తీవ్ర గాయం. 325వ సెక్షన్, 7 ఏళ్ల వరకు జైలు. కత్తి వాడితే 324 లేదా 326. తేడా శిక్షలోనే కాదు. 323 కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. కాబట్టి డాక్టరు సర్టిఫికెట్టులో ఏం రాశారో మీరు తప్పక చదివించుకోండి. 2024 జూలై 1 నుండి ఈ నేరాలు భారతీయ న్యాయ సంహితలో 115, 117, 118 సెక్షన్లుగా ఉన్నాయి.

1991 సెప్టెంబరులో నియోగి కార్మికులతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి అర్జీ ఇచ్చి వచ్చారు. అదే నెల 28న తెల్లవారుజామున, భిలాయిలోని ఇంట్లో నిద్రపోతుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 48.

1997లో దుర్గ్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా పలువురికి శిక్ష వేసింది. 1998లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు తుపాకి పేల్చిన ఒక్కడికే యావజ్జీవ శిక్ష వేసి, మిగిలినవారి విడుదలను ఖాయం చేసింది.