అద్భుత కథాశిల్పి పింగళి సూరన

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, పాఠక మహాశయులకు మన సీమ మహాకవి యొకని చరిత్రమును విన్నవింపదలచితిని. అందులకు ముందు పరదేశపు ముచ్చట యొకటి చెప్పవలసియున్నది.

విజ్ఞాన కల్పనలకును, అద్భుత గాథలకును పాశ్చాత్యులు ఏటేట జరుపు సన్మానోత్సవ మొకటి కలదు. కేవలము విజ్ఞాన కథలకై 1926లో అమెరికాయందు తొలి పత్రికను స్థాపించిన హ్యూగో గెర్న్స్‌బాక్ పేరిట దానిని హ్యూగో పురస్కార మందురు. 1953లో ఫిలడెల్ఫియా నగరమున అది మొదటిసారి ఈయబడెను. 1955 నుండి ఏటేట జరుగుచున్నది. బహుమతి నింగికెగయు రాకెట్టు రూపమున నుండును. విజేతను నిర్ణయించువాడు ప్రభువు కాడు, పండిత పరిషత్తును కాదు. రుసుము చెల్లించి ఆ మహాసభకు సభ్యులైన పాఠకులే. అనగా మనవంటి చందాదారులే.

ఈ సంగతి తలచినపుడెల్ల నాకు పింగళి సూరన జ్ఞప్తికి వచ్చును. అట్టి ఉత్సవము ఆయన కాలమున నుండినచో బహుమతి యెవరిదై యుండెడిదో వేరుగ చెప్పవలెనా?

సూరన పదునారవ శతాబ్దివాడు. తండ్రి అమరనామాత్యుడు, తల్లి అబ్బాంబ. నియోగి కుటుంబము, గౌతమ గోత్రము. ఆయన తొలుత రచించిన గరుడ పురాణము నేడు లభించుట లేదు. పిదప ఆకువీటి పెదవేంకటాద్రి కోరికపై రాఘవపాండవీయమును రచించెను. అందు ఒకే పద్యము ఒకవైపు రామకథను, మరియొకవైపు భారతకథను చెప్పును. నాలుగు ఆశ్వాసముల పొడవునను ఆ నియమము తప్పకుండుట సామాన్య కార్యము కాదు.

తరువాతిది కళాపూర్ణోదయము. ఆనాటి కవులు కథాబీజమునకు పురాణముల నాశ్రయించెడివారు. పెద్దనకు మార్కండేయ పురాణము, తిమ్మనకు హరివంశము ఆధారములు. సూరన మాత్రము కథను స్వయముగ కల్పించెను. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ చెప్పినది చెప్పినట్లు భూలోకమున జరుగును. రంభా నలకూబరులు విమానమున ఆకాశయానము చేయుదురు. స్త్రీ పురుషుడగును, పురుషుడు స్త్రీయగును. పాలు మరువని శిశువు తన పూర్వజన్మ వృత్తాంతమును నోరార చెప్పును. ఇన్ని వింతలున్నను ఏదియు కారణము లేక వచ్చినది కాదు. లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక ఆ మాటతోనే చెప్పుదును: మొదటి ఆశ్వాసమున చిట్టాకెక్కిన ప్రతి పద్దును తరువాత ఆవర్జాలో సరిగా తేలును. ఎనిమిదవ ఆశ్వాసము ముగియునాటికి బాకీ యొక్కటియు మిగులదు.

ఈ కృతిని నంద్యాల ప్రభువు కృష్ణరాజు అంకితముగొనెను. ఆ నంద్యాల 2022 వరకు మన కర్నూలు జిల్లాలోనిదే. కృతిని పుచ్చుకొనుటయే ఆనాటి పురస్కారము. సభలో కవికి తాంబూలము, నూతన వస్త్రములు, కొందరికి అగ్రహారములును లభించెడివి. కాని కాలగతి చూడుడు. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలెను. నంద్యాల ప్రభువుల వైభవమును అంతరించెను. కవికి సన్మానము చేసిన ప్రభువును నేడు జనులు తలచుచున్నారన్న, అది ఆ కవి కావ్యము వలననే గదా! ఇచ్చినవాని కంటె పుచ్చుకొన్నవాడే పెద్ద దాతయయ్యెను.

సూరన చివరకు ప్రభావతీప్రద్యుమ్నమును రచించి తన తండ్రికే అంకితము చేసెను. రాజసభలో మన్నన నెరిగిన కవి, ధనమును కోరక కన్నతండ్రిని కృతిభర్తగా నెన్నుకొనుట ఆయన హృదయమును తెలుపుచున్నది.

కళాపూర్ణోదయమునకు అసలైన పురస్కారము శతాబ్దముల పిమ్మట పాఠకుల వలన లభించెను. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారమున ఈ కావ్యమును విమర్శించి, దాని కథాసంవిధానమును లోకమునకు చాటెను. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు దీనిని ఆంగ్లీకరింపగా, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించెను.

ఇక నా తప్పును ఒప్పుకొందును. యౌవనమున ఈ గ్రంథమును చేతబట్టి, రెండవ ఆశ్వాసము దాటలేక మూసివేసితిని. గురువు లేడు, నిఘంటువొక్కటే తోడు. పదియేండ్ల తరువాత మరల తెరచినపుడు, నాకు అడ్డుపడినది కవి కాఠిన్యము కాదు, నా తొందరపాటేయని తెలిసినది.

గరుడ పురాణము ఎట్లు నశించెనో ఆలోచింపుడు. కాపాడువారు, చదువువారు లేని గ్రంథము ఎంతటి మహాకవిదైనను నిలువదు. చెదపురుగు కవి పేరు చూడదు. హుంద్రీ తీరమున కరవు కాటకముల నెరిగిన మనకు గింజను దాచుకొనుట తెలియును. గ్రంథమును అట్లే దాచుకొని, విత్తుటకు మరల వెలికి తీయవలయును. ఈ రజతోత్సవ వత్సరమున చందాదారులలో పదిమందియైనను కళాపూర్ణోదయమును ఇంటికి గొనిపోయి చదివిరేని, మన కోడుమూరు సూరనకు చేసిన సన్మానము అదియే.