డోర్నకల్ బిషప్ అజరయ్య

బిలాస్‌పూర్ నుంచి తిరునెల్వేలి వెళ్లే రైలు వరంగల్ దాటాక డోర్నకల్ జంక్షన్ మీదుగా పోతుంది. సెలవులకు ఊరెళ్లేటప్పుడు మనలో చాలామంది ఆ స్టేషన్ చూసే ఉంటాం. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ పనిచేసింది ఆ ఊళ్లోనే. ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని ఒక పల్లెలో జన్మించారు. తండ్రి పాస్టరు. కొన్నేళ్లు వై.ఎం.సి.ఎ.లో పనిచేసి, 1909లో డోర్నకల్ వచ్చారు. మాతృభాష తమిళం కావడంతో తెలుగు కొత్తగా నేర్చుకున్నారు. నాన్నగారికి బదిలీ అయినప్పుడల్లా కొత్త భాష వినే మాకు ఆ కష్టం తెలుసు. 1912లో కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు.

అప్పట్లో క్రైస్తవ సంఘాలు వేరువేరుగా ఉండేవి. ఏది సరైన బోధ అని తేల్చే పద్ధతి కూడా ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఆంగ్లికన్లలో బిషప్‌ల మాటకు ఎక్కువ విలువ. ప్రెస్బిటేరియన్లలో పాస్టర్లు, పెద్దలు సభగా కూర్చుని నిర్ణయిస్తారు. కాంగ్రిగేషనల్ వారిలో ఏ ఊరి సంఘం దానికదే నిర్ణయించుకుంటుంది. మెథడిస్టులకు కాన్ఫరెన్సు ఉంది. ఈ తేడాలు పుట్టింది విదేశాల్లో. విడిపోయింది మాత్రం మన పల్లెల్లోని బీదజనం. అజరయ్యగారిని బాధించింది ఇదే.

1919లో తరంగంబాడిలో పాస్టర్లు సమావేశమై నాలుగు విషయాలను ఐక్యతకు పునాదిగా ప్రతిపాదించారు. అవి బైబిలు, ప్రాచీనమైన రెండు విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం–ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు, బిషప్ పదవి. మొదటి మూడింటిపై పెద్ద పేచీ రాలేదు. నాలుగోదే చిక్కు. బిషప్ చేతి అభిషేకం లేని పాస్టర్ల మాటేమిటి? వారిని ఉన్నవారిని ఉన్నట్టే అంగీకరించాలనీ, ఇకపై వచ్చేవారిని బిషప్‌లే అభిషేకించాలనీ చివరికి ఒప్పుకున్నారు. ఇందుకు ఏళ్ల తరబడి చర్చలు సాగాయి.

ఆ ఫలం చూడకుండానే అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1970లో నాగ్‌పూర్‌లో ఉత్తర భారత సంఘం ఏర్పడినప్పుడు, మన బిలాస్‌పూర్‌లో ఎన్నో ఏళ్లు సేవచేసిన డిసైపుల్స్ సంఘం కూడా అందులో చేరింది.

తప్పనిసరి విషయాలేవో ముందు తేల్చుకుని, మిగతావాటిలో ఒకరినొకరు ఓర్చుకుంటే కలిసి ఉండవచ్చని ఆయన జీవితం మాకు నేర్పింది. ఈసారి రైలు డోర్నకల్ దాటేటప్పుడు మేము కిటికీ దగ్గరే కూర్చుంటాం.