జొన్నమొక్కలో అదనపు క్రోమోజోములు కనిపెట్టిన జానకి అమ్మాళ్

మొన్న మా సంఘం పిల్లల క్విజ్‌లో ఇ.కె. జానకి అమ్మాళ్ ఎవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. మన బెంగళూరులో సి.వి. రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు మరుసటి ఏడాదే ఫెలో అయిన మహిళ ఆమె.

1897లో తలశ్శేరిలో పుట్టారు. పెళ్లి చేసుకోలేదు. 1931లో మిషిగన్‌లో డాక్టరేట్ పొంది, కోయంబత్తూరులో చెరకు మీద పనిచేశారు. 1939లో ఇంగ్లండు వెళ్లి, యుద్ధం రావడంతో అక్కడే ఉండిపోయారు.

ఒక అడవిజొన్న రకంలో కంకిలో ఉన్న అదనపు క్రోమోజోములు వేళ్లలో లేవని 1940లో చూపారు. మొక్క బతకడానికి వాటి అవసరమే లేదు. పిలవని పేరంటాలన్నమాట! అయినా తరతరాలుగా వస్తూనే ఉంటాయి. మిడతల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. వాటిలో చాలా భాగం, ఒకే డీఎన్ఏ ముక్క మళ్లీ మళ్లీ వచ్చినదేనని తర్వాతివారు తేల్చారు.

నెహ్రూ పిలుపుతో స్వదేశం వచ్చి బొటానికల్ సర్వేను చక్కదిద్దారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఎనభై దాటాక కూడా సైలెంట్ వ్యాలీ ఆనకట్టను వ్యతిరేకించారు. 1984 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ నవంబరులోనే ఆ అడవి నేషనల్ పార్కు అయింది. అది చూడటానికి ఆమె లేరు.